తాళం ఫ్లాపీకి గంధం బొట్టు

గుమ్మఘట్టలో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ముందుగా చెప్పగల మనిషి ఊరికంతా ఒక్కడే. అతను కరెంటాఫీసులో హెల్పరు తిప్పేష్. అంతటి మొగుడు ఇంట్లో ఉన్నా, తెల్లవారి కరెంటు వచ్చిందని అందరికంటే ముందు కనిపెట్టేది మాత్రం అతని భార్య హేమావతే.

వాకిలి చిమ్మి, ముగ్గు వేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందరి గదిలోకి వచ్చేది. కంప్యూటర్ మీద కప్పిన పాత దుప్పటి ముక్క తీసి మడతపెట్టేది. ప్లాస్టిక్ డబ్బీలోంచి నీలిరంగు ఫ్లాపీ తీసి, మిషనులో దూర్చి, మీట నొక్కేది. ఫ్లాపీ కాసేపు గురగురమని, ఆ తర్వాత తెలుగు, కన్నడ అక్షరాల సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. తెరుచుకునే ముందు రెండు క్షణాలపాటు తెర మధ్య ఒక చిన్న గడి కనిపించేది. అందులో ‘ఈ సాఫ్ట్‌వేర్ హక్కుదారు: శ్రీమతి హేమావతి, గుమ్మఘట్ట’ అని ఉండేది.

ఆ రెండు క్షణాలూ హేమావతి రెప్ప వేసేది కాదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె పేరు మీద ఉన్నది అదొక్కటే. ఇల్లు, చేను చనిపోయిన మామ గంగాధరప్ప పేరు మీదే ఉన్నాయి. రేషన్ కార్డులో కూడా మొదటి పేరు ఇంకా ఆయనదే, కొట్టేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. బండి, గ్యాసు తిప్పేష్ పేరు మీద ఉన్నాయి. పుట్టింటివాళ్ళు పెట్టిన కమ్మలు అమ్మి, హైదరాబాదులోని కంపెనీ నుంచి హేమావతి తెప్పించుకున్న ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆమెది. మండలాఫీసుకు వచ్చే అర్జీలు, అంగడి రసీదులు, పెళ్ళి పత్రికలు, అన్నీ ఆ గదిలోనే అచ్చుకు తయారయ్యేవి. ఆడపిల్లది గుమ్మఘట్ట, మొగపిల్లవాడిది కర్ణాటకలో ఏదో ఊరు అయితే ఒకే పత్రిక ఒక పక్క తెలుగులో, ఒక పక్క కన్నడలో కావాలి. అట్లాంటి పని చుట్టుపక్కల హేమావతి చేసినంత అందంగా ఎవరూ చేయరని పేరు.

అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక తిక్క ఉంది. తాళం ఫ్లాపీ మిషనులో ఉంటేనే పలుకుతుంది. ఫ్లాపీ అంటే మరి ఎండకు వంగేది, దుమ్ముకు చచ్చేది. ఈ ఊళ్ళో ఆ రెండింటికీ కరువు లేదు. కొన్న వారంలోనే హేమావతి ఖాళీ ఫ్లాపీ ఒకటి తెచ్చి, లోపలున్నదంతా అందులోకి ఎక్కించి చూసింది. అంతా ఎక్కింది. తీరా దాన్ని పెట్టి మీట నొక్కితే, ‘అసలు తాళం పెట్టండి’ అని తెర మొండికేసింది.

“దుడ్లు పోసి కొనింది నేను. దొంగను చూసినట్ల నన్నే చూస్తాండాది!” అని ఆ రోజు మొగుడి దగ్గర ఎంత గొంతు చించుకుందో.

“అట్టపెట్టె మీద రాసినారు కదే, కాపీ చేయరాదని” అన్నాడు తిప్పేష్.

“ఊరందరికీ పంచొద్దంటే అర్థముండాది. నాది నేను జాగ్రత్త చేసుకుంటే వాళ్ళకేమప్పా?”

అప్పటి నుంచి ఆ ఫ్లాపీని చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేది.

ఆడపడుచు మల్లీశ్వరి కథ కూడా అక్కడే మొదలైంది. పెళ్ళికి ముందు మల్లీశ్వరి వదిన పక్కన నిలబడి, చూసి చూసే ఈ పనంతా నేర్చుకుంది. పెళ్ళయి రాయదుర్గం పోయాక, జీన్సు ప్యాంట్లు కుట్టే వీధిలో చిన్న గది తీసుకుని తానూ ఒక పాత కంప్యూటర్ పెట్టుకుంది. ఒక పండక్కి వచ్చి, “వదినా, నీ సాఫ్ట్‌వేర్ నాకూ ఒకటి ఎక్కించియ్యవా?” అని అడిగింది.

“అది ఎక్కదు మల్లీ, తాళం ఉండాది. ఎక్కినా ఇయ్యకూడదు. తప్పు” అంది హేమావతి.

చెప్పింది నిజమే. కానీ చెప్పిన తీరులో నా పేరు మీదున్నది నాకే ఉండనీ అన్న ముడి ఒకటి ఉందని హేమావతికీ తెలుసు, మల్లీశ్వరికీ తెలుసు. అత్త ఆంజినమ్మకైతే ఇంకా బాగా తెలుసు. ఆ సాయంత్రమే పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని పెరుగు తోడుకు వచ్చింది. ఆంజినమ్మ ఇంత తోడు వేసి పంపి, కోడలు వినేటట్టు గోడతో మాట్లాడింది. “పొరుగింటోళ్ళు అడిగితే తోడేస్తాం. మన కుండ పగిలిననాడు వాళ్ళింట్లో తెచ్చుకుంటాం. ఇంటి బిడ్డ అడిగితే మాత్రం తాళమంట తాళం!”

మల్లీశ్వరి ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. ఎవరో బళ్ళారివాళ్ళ దొంగ సీడీ వేసుకుని పని చేసుకుంటూ ఉందని తిప్పేష్ ఒకసారి అన్నాడు. రాయదుర్గం అరగంట బస్సు దూరమే అయినా, హేమావతి ఆడపడుచు అంగడి గడప ఎప్పుడూ తొక్కలేదు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధ పూజ అంటే ఆంజినమ్మకు ఒళ్ళు తెలియదు. కొడవళ్ళు, గుంటక, రోకలి, తిప్పేష్ కటింగ్ ప్లేరు, స్తంభాలెక్కే తాడు, ఇంటి ముందు మోటారుసైకిలు, అన్నీ కడిగి తుడిచి గంధం, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టింది. కంప్యూటర్ వంతు వచ్చేసరికి హేమావతి వంటింట్లోంచే కేక వేసింది. “అత్తా, పైపైన పెట్టు. నీళ్ళు చల్లొద్దు!”

“నాకు తెలీదా? నేనేమన్నా అంత ఎర్రిదాన్నా?” అంది ఆంజినమ్మ.

పూజ చేసిన సామాన్లను ఆ రోజు పనికి ముట్టుకోరు. మర్నాడు విజయదశమి అయ్యాక హేమావతి దుప్పటి ముక్క తీసి, డబ్బీ మూత తెరిచింది. గంధం వాసన గుప్పుమంది. ఎక్కడో చెయ్యి తగిలి ఉంటుందిలే అనుకుని ఫ్లాపీ దూర్చి మీట నొక్కింది. మిషను గురగురమనలేదు. కర్రుకర్రుమని పళ్ళు కొరికింది. తెర మీద ‘అసలు తాళం పెట్టండి’ అని వచ్చింది.

ఫ్లాపీ బయటికి తీసి ఇనప రేకు జరిపి చూసింది. లోపలి నల్లటి రేకు మీద పచ్చటి గంధం, దాని నడుమ ఎర్రటి కుంకుమ, ఎండి పెళుసులు కట్టి ఉన్నాయి.

“అత్తా!”

ఆ పిలుపుకు వాకిట్లో కట్టేసిన పాల ఎనుము కూడా తలెత్తింది. ఆంజినమ్మ చేటతోసహా పరుగెత్తుకొచ్చింది.

“ఈ తాళం ఫ్లాపీ నువ్వు ముట్టుకున్యావా?”

“ముట్టుకోకుండా ఎట్ల? అన్నిటికీ బొట్టు పెట్టి, అసలు తాళానికే పెట్టకుంటే దేవుడు మెచ్చుతాడా? డబ్బీలోంచి తీసి, ఆ రేకు జరిపితే లోపల నల్లగా, నున్నగా ఉండె. అదే దాని ముఖమనుకుంటి. గంధం పూసి కుంకుమ పెట్టినా. ఎంత చక్కగా ఉండెనో!”

ఇంకొకరోజైతే హేమావతి పకపకా నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు. తడిగుడ్డతో తుడిచింది, దూదితో తుడిచింది. తుడిచేకొద్దీ ఆ నల్లరేకు మీద గీతలు పడ్డాయి తప్ప మిషను ఒప్పుకోలేదు. చివరికి ఫ్లాపీ బల్ల మీద పడేసి, “నువ్వు కావాలనే చేసినావు” అంది.

“ఏమన్నావు?”

“మల్లికి ఇయ్యలేదని మనసులో పెట్టుకోనుండావు. దానికి లేంది నాకెందుకని చేసినావు!”

చేటలోంచి నాలుగు గింజలు జారి కింద పడ్డాయి. ఆంజినమ్మ వాటిని ఏరుకోవడానికి వంగింది, అట్లాగే వంగి ఉండిపోయింది. కాసేపటికి లేచి, “పూజ చేసిన చేత్తో ఇంటికి చెరుపు చేస్తానా మ్మే? నా బిడ్డ ఎంతో నువ్వంతే అనుకుంటి కదే” అంది. చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

అన్న మాట తప్పని హేమావతికి అప్పుడే తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన నోరు పెగలాలి కదా. దానికి తోడు సోమప్ప గుమ్మంలోనే కాచుకుని కూర్చున్నాడు. ఆయన కూతురి పెళ్ళి పత్రిక సగం కూర్చి ఉంది. పిల్లవాడిది మొలకాల్మూరు, కన్నడ భాగం ఇంకా మొదలేపెట్టలేదు. కార్తీకంలో ముహూర్తం.

“ఏమ్మా, చిన్న తాళమేనంట కదా? ఇంకో తాళం చేయించుకుంటే పోలా? మా ఇంటి బీరువాకు చేయించినా” అన్నాడు సోమప్ప.

“నాలుగు దినాలు ఆగన్నా” అంది హేమావతి.

మొగుళ్ళకు ఇట్లాంటప్పుడే వీరత్వం పుట్టుకొస్తుంది. తిప్పేష్ మర్నాడు డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి బళ్ళారి పోయి, కాగితం కవర్లో ఒక సీడీ తెచ్చాడు. “దీనికి తాళం లేదు, గీళం లేదు. వేస్తానే తెరుచుకుంటాది. బళ్ళారంతా ఇదే” అంటూ తానే కూర్చుని ఎక్కించాడు.

నిజంగానే తెరుచుకుంది. కానీ తెరుచుకునే ముందు ఆ చిన్న గడి కనిపించింది. అందులో హేమావతి లేదు. గుమ్మఘట్ట లేదు. తాళం పగలగొట్టిన మహానుభావుడెవడో పుర్రె బొమ్మ పక్కన తన ముద్దుపేరు రాసుకున్నాడు.

“తీసెయ్” అంది హేమావతి.

“ఏమైందే? అక్షరాలన్నీ వస్తాండాయి కదా!”

“నా కమ్మలమ్మి కొన్నదాంట్లో వాని పేరేంది? నా ఇంట్లో ఎవడో జొరబడి పీట మీద కూర్చున్నట్లుండాది. తీసెయ్ అంటి కదా.”

“పేరుదేముందే పిచ్చిదానా? దాన్ని ఎవరు చూస్తారు?”

“నేను చూస్తా.”

తిప్పేష్ సీడీ తీసి కవర్లో పెట్టేశాడు. వంటింటి గడపలో కూర్చుని చూస్తున్న ఆంజినమ్మ మాత్రం కోడలి ముఖం వంక చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయి, ఎనుముకు నీళ్ళు పెట్టాలని లేచిపోయింది.

ఇక మిగిలింది కంపెనీవాళ్ళే. హేమావతి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతుకు పోయి హైదరాబాదుకు ఫోను కలిపింది. అవతల ఒక అమ్మాయి ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది. ఏం జరిగిందో విని, గంధమా అని రెండుసార్లు అడిగి, నవ్వు ఆపుకుంటున్నట్టు దగ్గింది.

“పర్లేదు మేడమ్. పాడైన ఫ్లాపీ మాకు పోస్టులో పంపండి. మీరు రిజిస్టరు చేసుకున్నారు కాబట్టి కొత్త తాళం పంపిస్తాం. ఒక నెల పట్టొచ్చు.”

“నెలా? అంతలోపల ముహూర్తాలే అయిపోతాయమ్మా!”

“అప్పటిదాకా మీ రెండో తాళం వాడుకోండి మేడమ్.”

“రెండో తాళమా?”

“చేసుకోలేదా? పుస్తకం చివరి పేజీలో ఉందండీ. ఊరికే కాపీ చేస్తే రాదు. మెనూలో దానికని ఒక ఆప్షను ఉంటుంది. సొంతానికి ఒకటి, ఒక్కసారి మాత్రం చేసుకోవచ్చు. ఇప్పుడు చేయాలంటే అసలు ఫ్లాపీ ఉండాలి కదా మరి.”

హేమావతి ఫోను పెట్టేసి బూతులోనే నిలబడిపోయింది. కాపీ చేయరాదని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో రాసినవాళ్ళు, ఒకటి చేసుకోవచ్చని చివరి పేజీలో ఇంగ్లీషులో చీమతలకాయంత రాశారు. ఆ పేజీ దాకా తానెప్పుడూ పోలేదు. కళ్ళ ముందు పెట్టుకుని పోగొట్టుకున్నానే అనుకుంటూ ఇంటిదారి పట్టింది.

ఇంటికి వచ్చేసరికి ఆంజినమ్మ వాకిట్లో వేరుశెనగ చెట్లు ముందేసుకుని పచ్చి చెనిక్కాయలు తుంచుతూ ఉంది. తిప్పేష్ పక్కన కూర్చుని ఒకటి తుంచి రెండు తింటున్నాడు. హేమావతి చెప్పులైనా విడవకుండా మొదలుపెట్టింది. “ఇంకో తాళం చేసుకోవచ్చంట అప్పా! ఒకటి, ఒక్కసారి. పుస్తకంలో ఉండాదంట. నాకు తెలీకపాయ. అప్పుడే చేసిపెట్టుకోనుంటే ఈ పొద్దు ఈ గతి పట్టునా?”

ఆంజినమ్మ చెయ్యి ఆగిపోయింది. తిప్పేష్‌కు నోట్లోని చెనిక్కాయ అడ్డం పడి పొలమారింది.

హేమావతి ఇద్దరి ముఖాలూ చూసింది. కాపురం చేసినవాళ్ళకు ఆ పొలమారడం ఏ రకమో తెలుస్తుంది.

“ఏమప్పా?” అంది.

“అది కాదే...” అన్నాడు తిప్పేష్.

“వాన్ని అడగొద్దు, నన్నడుగు” అంది ఆంజినమ్మ. కాయలు పక్కకు నెట్టి నిటారుగా కూర్చుంది. “పోయినేడు నువ్వు విడపనకల్లు పోయినావే, మీ యమ్మకు బాగలేదని. అప్పుడు నేనే చేయించినా. నా బిడ్డ ఊరికే కూర్చోనుండాది, అంగడి పెట్టి పని లేకుండా. నువ్వేమో ఇయ్యనంటివి. వీడు ఆ పుస్తకం ముందేసుకోని చదివి, ఒకటి చేయొచ్చు మా, అన్నాడు. చేయించినా. మల్లికి పంపినా. బళ్ళారి సీడీ అని వీనితో నేనే అబద్ధం చెప్పించినా. తప్పు నాది.”

“ఏడాది నుంచి నాకు చెప్పలేదు.”

“చెప్తే నువ్వు ఏడుస్తావు, లేదంటే కొట్లాడతావు.”

“మొన్న నా మొగాన చెప్పింటే?”

“యాడ చెప్పనిస్తివి? కావాలనే చేసినావంటివి.” ఆంజినమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “బళ్ళారి సీడీలో ఎవని పేరో చూసి నీ ముఖం మాడిపోయినప్పుడు తెలిసింది మ్మే నాకు, నేను దొంగిలించింది ఏందో.”

హేమావతి విడవని చెప్పులతోనే వెనక్కి తిరిగి బస్టాండుకు పోయింది. రాయదుర్గం బస్సు కదలబోతుంటే ఎక్కింది. దారి పొడుగునా రెండువైపులా పీకి కుప్పలు వేసిన చెనిక్కాయ చెట్లు, మధ్య మధ్య రాళ్ళగుట్టలు. హేమావతి కిటికీలోంచి వాటిని చూస్తూ ఆడపడుచును ఏమేం అనాలో ఒక్కొక్కటే పేర్చుకుంది. దొంగ అనాలి. అడగకుండా తీసుకున్నావు అనాలి. నా పేరు నాకు పారెయ్ అనాలి.

మల్లీశ్వరి అంగడికి రెండు పక్కలా కుట్టు మిషన్లే. కరెంటు లేనట్టుంది, అన్నీ నిద్రపోతున్నాయి. కుట్టేవాళ్ళు అరుగుల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. గుమ్మం పైన రేకు మీద ‘మల్లీశ్వరి డీటీపీ’ అని నీలిరంగుతో రాసి ఉంది. మల్లీశ్వరి వదినను చూసి కూర్చున్నది లేచి నిలబడింది. ముఖం తెల్లబోయింది.

“అమ్మ బూతు నుంచి ఇప్పుడే ఫోన్ చేసింది వదినా. అంతా చెప్పి ఏడ్చింది. కూర్చో. నీళ్ళు తాగు.”

“నీళ్ళకు రాలేదు.”

“తెలుసు. నీ తాళం మిషన్లోనే ఉండాది, తీసిస్తా ఉండు.”

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. వీధి వీధంతా కుట్టు మిషన్లు ఒక్కసారి దడదడమన్నాయి. కరెంటు పోయినప్పుడు మీట వేసే ఉన్నట్టుంది, మల్లీశ్వరి కంప్యూటర్ దానంతటదే లేచింది. లోపలి ఫ్లాపీ గురగురమంది. ఆ చప్పుడు హేమావతికి ఇంటి మనిషి గొంతంత తెలుసు. తల తిప్పి చూసింది.

తెర మధ్య చిన్న గడి. ఈ సాఫ్ట్‌వేర్ హక్కుదారు: శ్రీమతి హేమావతి, గుమ్మఘట్ట.

పేర్చుకుని వచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

“రోజూ పొద్దున నీ పేరు చూసే పని మొదలుపెడతా వదినా” అంది మల్లీశ్వరి, తల వంచుకుని. “వచ్చినోళ్ళు అడుగుతారు, ఈ హేమావతెవరని. మా వదిన, నాకీ పని నేర్పించింది ఆమేనని చెప్తా. పేరు మార్చే ఉపాయం చెప్తానని బళ్ళారాయన ఒకడు వచ్చినాడు. వద్దంటి. నీది నేను వాడుకుంటాండా, అది దాచుకుంటే ఇంకా పాపం కదా అనిపించింది.”

“నేనెప్పుడు నేర్పించినా నీకు?”

“నీ పక్కన నిలబడి చూస్తాంటే పొమ్మనలేదు కదా. అదే నేర్పించడం.”

హేమావతి అక్కడున్న స్టూలు మీద కూలబడింది. తన పేరు ఒక్క తెర మీద రెండు క్షణాలు బతుకుతుందని, దాన్ని ఎవరూ పట్టించుకోరని ఇన్నాళ్ళూ అనుకుంది. తాను గుప్పిట బిగించి దాచుకున్న చోట ఆ పేరు గంధం కింద చచ్చిపోయింది. తాను ఇవ్వనన్న చోట, ఈ బీడీల పొగలో, ఎవరెవరో అడిగితే మా వదిన అని చెప్పుకుంటూ ఏడాదిగా బతుకుతూ ఉంది. ఏడుపు ఆపుకోవాలనుకుంది గానీ ఆగలేదు. మల్లీశ్వరి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది, తానూ ఏడ్చేసింది.

కాసేపటికి మల్లీశ్వరి ముక్కు తుడుచుకుని, ఫ్లాపీ తీసి వదిన చేతిలో పెట్టింది. తెర మీద సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. మిషను పక్కన సగం కూర్చిన పత్రిక అచ్చు ఒకటి ఉంది.

“అదెవరిది?” అంది హేమావతి.

“ఎవరిదో గృహప్రవేశం. పోనీలే, వాళ్ళకు ఏదో ఒకటి చెప్పుకుంటా.”

హేమావతి ఫ్లాపీని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. “ఒక తాళంతో ఒకపారి ఒక ఇల్లే తెరవాల. రెండూ ఒకేసారి తెరిస్తేనే తప్పు. పొద్దున పూట నువ్వు తెరువు. మద్యాన్నం నుంచి నేను తెరుస్తా. కొత్తది వచ్చేదాకా ఇట్లే.”

“తెచ్చి ఇచ్చేదెవరు వదినా? మా ఆయనకు కుట్టుపని, అన్నకు కరెంటు స్తంభాలు.”

“తెచ్చే మనిషి ఉండాది లే” అంది హేమావతి. అంత ఏడుపులోనూ నవ్వు వచ్చింది.

ఇంటికి చేరేసరికి ఆంజినమ్మ గుమ్మంలోనే కాచుకుని ఉంది. హేమావతి లోపలికి వచ్చి, అత్త కుడిచెయ్యి పట్టుకుని అందులో ఆ ఫ్లాపీ పెట్టింది.

“ఈ పొద్దు నుంచి ఇది నీ చేతి మీదనే తిరగాల అత్తా. పొద్దున మల్లి దగ్గరికి, మద్యాన్నం నా దగ్గరికి.”

ఆంజినమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. “నా చేతికా? వద్దు తల్లీ. ఒకదాన్ని చంపినదాన్ని.”

“బొట్టు పెట్టొద్దు. అంతే.” హేమావతి ఆ చెయ్యి వదల్లేదు. “ఆ పొద్దు నోరు జారినా అత్తా. మనసులో పెట్టుకోవాకు.”

“నేనూ దాచినా కదమ్మా. నీదీ నాదీ సరిపాయ” అంది ఆంజినమ్మ. కోడలి తల నిమిరి, పొయ్యి మీద అన్నం మాడుతోందని గుర్తొచ్చి లోపలికి పరుగెత్తింది.

ఆ నెల ఆంజినమ్మ దర్జా చూడాలి. ఎత్తిపెట్టుకున్న పట్టంచు చీర కట్టి, స్టీలు డబ్బాలో మెత్తటి గుడ్డ చుట్టిన ఫ్లాపీ పెట్టుకుని, పొద్దున్నే బస్సెక్కేది. కూతురి దగ్గర టిఫినూ, కోడలి దగ్గర భోజనమూ. కండక్టరు జాకబ్ ఆమె కోసం కిటికీ సీటు అట్టిపెట్టి, “టిక్కెట్టు నీకా అవ్వా, డబ్బాకా?” అని ఎగతాళి చేసేవాడు. “నువ్వు ఎండ తగలకుండా తోలించప్పా, చాలు” అనేది ఆంజినమ్మ. తెల్ల గడ్డాలవాళ్ళు కూడా ఆ డబ్బాలో ఏముందని అడిగేవాళ్ళు. “రెండిళ్ళ తాళం” అని చెప్పి ఊరుకునేది. సోమప్ప కూతురి పత్రిక రెండు భాషల్లోనూ అనుకున్ననాటికే తయారైంది. ఆయన మొదటి పత్రిక తెచ్చి ఆంజినమ్మకే ఇచ్చి పెళ్ళికి రమ్మన్నాడు.

కొత్త తాళం పోస్టులో వచ్చింది. వచ్చిన రోజే హేమావతి పుస్తకం చివరి పేజీ తీసి, ఒక్కొక్క మాటా మొగుడి చేత చదివించుకుంటూ రెండో తాళం చేసి దేవుడి గూట్లో పెట్టింది. ఆంజినమ్మ దాని వంక చూసి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

ముహూర్తాలు ముగిశాక వదినా ఆడపడుచూ కలిసి మల్లీశ్వరి అంగడికి ఇంకొక సాఫ్ట్‌వేర్ కొని తెప్పించారు. కంపెనీ కాగితంలో హక్కుదారు పేరు రాయాల్సి వచ్చింది. హేమావతి కలం పట్టుకుని మల్లీశ్వరి అని మొదలుపెట్టబోతే ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది.

“నా పేరు బోర్డు మీద ఉండాది కదా వదినా” అంది. ఆపైన ఎవరి పేరు రాయాలో ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజు ఆంజినమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, హేమావతి మీట నొక్కింది. ఫ్లాపీ గురగురమంది. గడి కనిపించింది.

“చూడత్తా. ఈ సాఫ్ట్‌వేర్ హక్కుదారు, శ్రీమతి ఆంజినమ్మ.”

ఆంజినమ్మకు చదువు రాదు. బతుకంతా కాగితాల మీద వేలిముద్రే. “ఎగతాళి చేయొద్దు మ్మే” అంది.

“ఎగతాళి కాదు మా. ఇదో, ఇదే నీ పేరు” అని మల్లీశ్వరి వేలు పెట్టి చూపించేలోపలే గడి మాయమైంది.

“అయ్యో, పాయనే! ఇంకోతూరి చూపించు.”

మళ్ళీ ఆపి, మళ్ళీ మీట వేశారు. ఈసారి ఆంజినమ్మ తెరకు ముక్కు తగిలేంత ముందుకు వంగి, ఆ అక్షరాల వెంబడే వేలు జరుపుతూ చూసింది. “ఆంజినమ్మ ఎనుము అంటారు, అంతే. నా పేరు ఇంక దేనికీ లేదనుకుంటి” అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. అంగడి ముందు కుట్టేవాళ్ళు మిషన్లు ఆపి మరీ తొంగి చూశారు.

హేమావతి ఆ పేరును పెద్దక్షరాలతో కొట్టి, చుట్టూ చిన్న పూలగీత పెట్టి, ఒక కాగితం మీద అచ్చు తీసి అత్త చేతిలో పెట్టింది. ఆంజినమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏది పైనో కోడలినడిగి తెలుసుకుని, జాగ్రత్తగా మడిచి రవికలో దోపుకుంది. లేచి గుమ్మం దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

“హేమా, ఇంకోటి తీయి.”

“ఇంకోటి ఏంటికత్తా?”

“ఇది మనింట్లో పెడతా. అది ఈడ మల్లి దగ్గర ఉండనీ. ఒకటి పోతే ఒకటి ఉండాల కదా!”

హేమావతి ప్రింటర్లో ఇంకో తెల్లకాగితం పెట్టింది.